లేమారా వేసిన ముడి

ఈ దీవుల్లో చట్టం చేసింది మీరు, పట్టణంలోని సర్కారు పెద్దలు. సంచులు నిషేధించాం, స్ట్రాలు నిషేధించాం, థర్మోకోల్ డబ్బాలు నిషేధించాం అని పెద్ద దేశాల సభల్లో నిలబడి చప్పట్లు కొట్టించుకున్నది మీరు. ఒడ్డున ఏరిన చెత్త ఆ తర్వాత ఎక్కడికి పోతోందని తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా వచ్చి చూడనిది కూడా మీరే. చూసింది ఒక్క మనిషి. ఆమెకు మీ సభలో కుర్చీ వెయ్యలేదు.

ఆ గురువారం పొద్దున, సముద్రం పాటు మీద వెనక్కి తగ్గి ఉండగా, లేమారా నడుం వంచి ఏరుతోంది. అరవై ఒకటో ఏడు. పొట్టి మనిషి, లావు చీలమండలు. తొమ్మిదేళ్లు సంచి మోసిన కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. వదులు గౌను అంచు మోకాళ్ల దగ్గర ముడేసుకుంది. ఆదివారం నుంచీ రొమ్ములో ఏదో పట్టేస్తోంది. పట్టినప్పుడల్లా ఎడమ పిడికిలితో నొక్కుకుని, వదిలాక మళ్లీ వంగుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏరొద్దంటారు.

ఆమెకు చదువు రాదు, అనుమానం వచ్చు. చేతికొచ్చిన ప్రతి సీసానీ తిప్పి చూస్తుంది, మూత తీసి వాసన చూస్తుంది. సముద్రపు పురుగు గుల్లలు కట్టి ఉంటే అది దూరపు దేశానిది. నున్నగా ఉంటే ఊళ్లోది. ఆ రోజు దొరికిన పల్చటి సంచి నున్నగా ఉంది. దాన్ని గౌను జేబులో కుక్కుకుని తిన్నగా తౌని కొట్టుకెళ్లింది.

"తౌనీ, బల్ల కింద ఏముంది?"

"నా కాళ్లున్నాయి వదినా. చూస్తావా?"

"కాళ్లు గరగర చప్పుడు చెయ్యవు."

"చేపలకి సంచి ఇవ్వొచ్చని చట్టంలోనే రాశారు, తెలుసా?"

"నువ్వు అమ్మేది సబ్బులు కదే."

కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. తౌని కూడా నవ్వింది గానీ కాళ్లు కదపలేదు. లేమారా అది కూడా చూసుకుని వచ్చేసింది.

ఊరి సావిడి ముందు సీమపనస చెట్టు కింద ఆ వారం ఏరిన చెత్త సంచులు పదకొండు వరసగా పెట్టి మూతులు కట్టింది. కట్టడానికి పట్టణం అధికారి ఒక కట్ట ప్లాస్టిక్ పట్టీలు ఇచ్చిపోయాడు ఎప్పుడో. ప్లాస్టిక్ ఏరి, ప్లాస్టిక్ గోనెలో పోసి, ప్లాస్టిక్‌తో కట్టమన్నాడు. ఆ కట్ట ఆమె వంటపాక వాసానికి అలాగే వేలాడుతోంది. ఆమె కట్టేది మొగలి నారతో. చాప అంచు ముగించేటప్పుడు వాళ్ల అమ్మమ్మ వేసే ముడి: మూడు చుట్లు, తోక కిందికి దోపి, పళ్లతో ఒక్క లాగు. ఊళ్లో ఆ ముడి వేసేవాళ్లు ఇప్పుడు ఇంకెవరూ లేరు.

సావిడి గోడకి ఒక రంగుల బొమ్మ అంటించి ఉంది. ఈ చెత్త ఓడెక్కి పెద్ద దేశం పోతుందట, కరిగి బల్లలవుతుందట. బొమ్మలో బల్ల మీద ఒక ఆడపిల్ల నవ్వుతూ కూర్చుంది. తొమ్మిదేళ్లయింది. ఆ బల్ల మీద కూర్చున్న మనిషి లేమారాకి ఇంతవరకూ ఎదురు కాలేదు.

పది గంటలకి సంచుల్ని రేవుకి చేరవేసే సర్కారు లారీ వచ్చింది. నడిపేది కల్మెట్, ఆమె తమ్ముడి కొడుకు. అతను దిగేలోపే ఆమె చక్రం దగ్గర కూర్చుని బొటనవేలితో మట్టి గీకింది. ఎర్రమట్టి. వానలు మొదలైన ఈ మూడు వారాలూ ఇదే. రేవు దారంతా పగడపు రాయి పొడి, తెల్లటిది. ఎర్రమట్టి ఉన్నది ఒక్క వాగు గట్టు పైనే.

"ఇదెక్కడిదిరా?"

"వాన పడింది కదత్తా."

"వాన పడితే తెల్ల దారి ఎర్రబడుతుందా?"

"నువ్వు పోలీసులో చేరాల్సిన దానివి. మా అమ్మ దుంపల లాప్‌లాప్ కాల్చిందట, తినొచ్చి ఎక్కిస్తా."

అతను ఆమె మొహం చూడకుండా వెళ్లిపోయాడు. లేమారా కూర్చోలేదు. మంగళవారం వాగు పొంగింది. వాగు పొంగితే పైనున్నదంతా కిందికి రావాలి. ఆమె నెమ్మదిగా, మధ్యలో రెండుసార్లు ఆగి, వాగు సముద్రంలో కలిసే చోటికి నడిచింది.

మడచెట్ల వేళ్ల మధ్య గోనె సంచి ఒకటి ఇరుక్కుని ఉంది. నిండు సంచి. గుల్లలు కట్టలేదు. నేత సందుల్లో ఎర్రమట్టి. మూతికి మొగలి నార, మూడు చుట్లు, తోక కిందికి దోపి ఉంది. ఆమె మోకాళ్ల లోతు బురదలో నిలబడి ఆ ముడిని తడిమింది. కొంచెం పైన ఇంకోటి, దాని వెనక చిరిగిపోయినవి, వాటిల్లోంచి జారిన సీసాలు వరసగా పగడపు దిబ్బ వైపు పోతున్నాయి. ఏ సీసా ఎప్పుడు ఏరిందో ఆమెకు గుర్తు లేదు. ఏరింది మాత్రం తనే.

సంచి ఈడ్చుకుంటూ ఆమె తిరిగొచ్చేసరికి కల్మెట్ మూతి తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. సంచిని చూసి లారీకి జేరబడిపోయాడు.

"చెప్పరా," అంది.

"రేవు దగ్గర చెత్త దించే యార్డు నిండిపోయిందత్తా. ఎనిమిది నెలలైంది గేటు మూసి. ఓడ రాలేదు. ఎక్కడ పొయ్యమంటారని అడిగితే, ఎక్కడో చూసుకో అన్నారు."

"ఎవరన్నారు?"

"ఫోన్‌లో అన్నారు. కాగితం ఇవ్వలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఏరడం మానేస్తావని. నువ్వు మానేస్తే లారీ రానక్కర్లేదు. లారీ రాకపోతే నా పనీ లేదు."

ఆమె అతన్ని తిట్టలేదు. వెళ్లి ఊరిపెద్ద తారిపోవాని పిలుచుకొచ్చింది.

"పెద్దయ్యా, వీటి మీద ఆకు పెట్టు," అంది.

తారిపోవా నమెలే ఆకు పెట్టాడంటే, మళ్లీ ఆయనే తీసేదాకా దాన్ని దాటే మనిషి ఆ దీవిలో లేడు. దిబ్బ మీద చేపలు పట్టొద్దని పెట్టిన ఆకుని పిల్లలు కూడా చుట్టు తిరిగి ఈదుకుంటూ పోతారు. ముసలాయన గడ్డం గోక్కున్నాడు.

"చెత్త మీద ఆకా, లేమారా? తాతలు నవ్విపోతారు."

"తాతల దిబ్బ మీదే పారబోస్తున్నారు. నవ్వనీ."

"సర్కారు సరుకమ్మా ఇది."

"సరుకు వాళ్లదైతే వాళ్లనే వచ్చి తీసుకోమను. లారీ ఎక్కనియ్యను."

ఆయన వాగు నుంచి వచ్చిన సంచి దగ్గర వంగాడు. ముడి చూశాడు. ఆమె అమ్మమ్మ నేసిన చాప మీద పుట్టి పెరిగినవాడు ఆయన. లేచి వెళ్లి, ముళ్లంచు పొడవాటి పచ్చని ఆకు ఒకటి కోసుకొచ్చి ఆ సంచి మీద అడ్డంగా పెట్టాడు.

లేమారా చెట్టుకి వీపు ఆనించి సంచుల పక్కన కూలబడింది. "నీళ్లు తేరా," అంది కల్మెట్‌తో. "నువ్వు తిన్నావు, నేను తినలేదు."

అతను లేత బొండం చెక్కించి తెచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది. పిడికిలి రొమ్ము మీదే ఉంది, కళ్లు లారీ చక్రాల వైపే ఉన్నాయి. కల్మెట్ బొండం కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు. అరచేత్తో ఆ కళ్లు మూశాడు.

ఆమె పోయిన ఐదో రోజున పెట్టే విందు అయిపోయిన మర్నాడు పట్టణం నుంచి ఉత్తరం వచ్చింది. ఆరోగ్యానికి హాని, సావిడి ముందున్న సంచులు వెంటనే తొలగించండి అని. కల్మెట్ లేచి సావిడిలో అందరి ముందూ చదివాడు. ఎక్కడికి తొలగించాలో అందులో రాయలేదు. ఈసారి ఉన్న నిజమంతా అతనే చెప్పాడు. తౌని బల్ల కింద దాచిన సంచుల కట్ట తెచ్చి ఆకు పక్కన పెట్టి, ఎవరి మొహం చూడకుండా వెళ్లిపోయింది.

ఇక మీ వంతు. ఉత్తరాలు ఆపండి, మీరే రండి. యార్డు గేటు తెరిచి జనానికి చూపించండి. ఓడ ఏ రోజున వస్తుందో కాగితం మీద రాసి, పేరుతో సంతకం పెట్టి తారిపోవా చేతికివ్వండి. వాగు గట్టు మీద పోసిందంతా మీ చేతులతో ఏరండి. అప్పుడు ఆయన ఆకు తీస్తాడు, మీరు ఆ సంచి తెరవచ్చు. కత్తి తేవద్దు, వేళ్లతోనే విప్పాలి. మూడు చుట్లు, తోక కిందికి దోపి, ఎండి గోధుమ రంగుకు తిరిగిన మొగలి నార, వాగు అంత దూరం దొర్లించినా వదలని ముడి.