చుక్క కూతుళ్ళు

మా అన్న కొండయ్య నూట ముప్పై ఎనిమిది గొర్రెల్ని ముఖం చూసి చెప్పేవాడు. ఇది ఎవరి బిడ్డ, దాని తల్లి ఏ కరువులో ఈనింది, ఏది పాలు తక్కువది, ఏది దొంగమేత మేస్తుంది, అన్నీ. కాగితం ముక్క ముట్టి ఎరగడు. ఊళ్ళో అందరూ దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆ గొప్ప వల్ల కడుపు మండినవాణ్ణి నేనొక్కణ్ణే.

మా నాయన పోయాక ఇద్దరం మంద పంచుకున్నాం. వంతుల వారీగా ఒక్కొక్కటి ఎంచుకోవాలి. నేను ఒళ్ళు చూసి, కండ చూసి పట్టుకున్నాను. అన్న మొదటి వంతులోనే ఒక బక్క గొర్రెని, నుదుట తెల్లమచ్చ ఉన్నదాన్ని లాక్కున్నాడు. లోపల నవ్వుకున్నాను. దాని పేరు చుక్క. ఈనిన ప్రతిసారీ కవలలే. దాని కూతుళ్ళూ అంతే. పుల్లలచెరువు చుట్టుపక్కల అలాంటి జాతి ఇంకొకటి లేదు. చుక్క తల్లి కూడా కవలల్నే ఈనేదని అన్నకి గుర్తుంది, నాకు లేదు. ఇద్దరం కలిసి కాసిన గొర్రెలే అవి. ఎనిమిదేళ్ళు ఆ సంగతి తలుచుకుని పళ్ళు కొరుక్కున్నాను.

మూడేళ్ళ కిందట అన్నకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. బుర్ర మాత్రం ఎప్పటిలాగే ఉందని మార్కాపురం డాక్టరు చెప్పాడు. మంద కొడుకు వంశీ చేతికొచ్చింది. గిద్దలూరులో డిగ్రీ చదివి, రెండేళ్ళు ఉద్యోగాలు వెతికి వచ్చినవాడు. సోమరి అని అనను, అబద్ధమవుతుంది. నీళ్ళకి తోలడం, మందులు తాపడం, ఏదీ తప్పించడు. కాకపోతే ప్రతి గొర్రెకీ ఫోటో తీసి, ఆ ఫోటోకి నంబరు వేసి ఫోన్‌లో పెట్టుకున్నాడు. పిల్ల పుడితే పుట్టినరోజే ఫోటో, కింద తల్లి పేరు. ఇంక మరిచిపోయే పనే లేదు అని నాతో చెప్పి మురిసిపోయాడు.

నిజమే. ఏదైనా ఒకసారి బుర్రలోకి ఎక్కితే కదా మరిచిపోవడానికి. ఫోటో తీశాక మళ్ళీ ఆ ముఖం చూసే అవసరం వాడికి రాలేదు. మంద మేస్తుంటే చెట్టు కింద తల వంచుకుని వేలితో ఫోన్‌ని పైకి తోస్తూ కూర్చునేవాడు. ఆ వీడియోల్లో ఎవరో వంట చేస్తారు, ఎవడో బురదలో జారిపడతాడు. నేనూ చూస్తాను అవన్నీ, నేనేం పుణ్యాత్ముణ్ణి కాదు. అయితే నేను గొర్రెల్ని కూడా చూసేవాణ్ణి. ముఖ్యంగా వాళ్ళ గొర్రెల్ని.

ఈ వేసవిలో ఇద్దరం మందల్ని కంభం చెరువు కిందికి తోలుకుపోయాం. వరి కోసిన మళ్ళలో మందని పడుకోబెడితే పొలానికి ఎరువు, మాకు మేత. ఇందిరమ్మ అని ఒక రైతు పక్కపక్కనే రెండు మళ్ళు చూపించింది. మూడోరోజు తెల్లారేసరికి కుక్కలు పడి, దొడ్డి వలలు తెగి, రెండు మందలూ ఒకటైపోయాయి.

కలిసిన మందని విడదీయడం మాకు కొత్త కాదు. ఎవరి కూత వాళ్ళు వేస్తే ఎవరివి వాళ్ళ వెంట నడుస్తాయి. మిగిలినవాటిని చెవి మీది కోత చూసి తేలుస్తారు. మా రెండు మందలూ ఒకే నాయనవి కాబట్టి రెంటికీ ఎడమ చెవి మీద ఒకే కోత. అప్పుడిక ముఖం గుర్తుపట్టి, తల్లి పేరు పైకి చెప్పి లాక్కోవాలి. అవతలివాడు కాదనకపోతే అది వాడిదే. ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు.

వంశీ ఎన్నడూ కూత వేసినవాడు కాదు, వాడి చెవుల్లో ఎప్పుడూ పాటలే. ముసలి గొర్రెలు అలవాటుకొద్దీ వాడి వెంట పోయాయి. పడుచువి పదకొండు నా మందలో ఉండిపోయాయి. చూడగానే తెలిసింది నాకు. పదకొండూ చుక్క కూతుళ్ళు, మనవరాళ్ళు. అన్నీ చూడివే, నెలలో ఈనేవి. ఒంటి మీద గుర్తేమీ ఉండదు, మచ్చ చుక్కతోనే పోయింది. ముఖం తెలిసినవాడికే తెలుస్తుంది.

వంశీ లెక్కపెట్టుకుని, పదకొండు తక్కువని ఫోన్ పట్టుకుని నా మందలోకి దిగాడు. ఇందిరమ్మ పెద్దమనిషిగా గట్టు మీద నిలబడింది. వాడు ఒకదాన్ని చూపించి నూట నాలుగు అన్నాడు. నంబర్లు కాదు, ఎవరి బిడ్డో చెప్పమంది ఆమె. ఫోన్‌లో వెతికాడు. అందులో ఉన్నది పుట్టినరోజు తీసిన తడి పిల్ల, ఎదురుగా ఉన్నది రెండేళ్ళ గొర్రె. మళ్ళీ వెతికాడు. ఎండకి తెర కనబడక చొక్కా నీడలో పెట్టుకుని చూశాడు. మధ్యలో ఏదో మోగింది. వాడి బొటనవేలు అటు పోయింది. కాసేపు అక్కడే ఉండిపోయి, ఉలిక్కిపడి, మళ్ళీ మొదటి ఫోటో నుంచి మొదలుపెట్టాడు.

చివరికి నా వైపు తిరిగాడు.

"చిన్నాయనా, నువ్వే చూసి చెప్పు. నాయన తర్వాత నీకే కదా బాగ తెలిసేది."

నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. జాలి కలగలేదని చెప్పను. కలిగింది. దాని వెనకే పంపకం రోజు కూడా గుర్తుకొచ్చింది.

"అంతా ఫోన్లో ఉందంటివి కదరా. దాన్నే అడుగు," అన్నాను.

వాడు అడిగాడు. ఒక గొర్రె ముఖం పక్కన ఫోన్ పెట్టి అటూ ఇటూ చూసి, చుక్క బిడ్డ అన్నాడు. అది నాది, పళ్ళరిగిన ముసలిది, ఈ ఏడు దాటితే బతకదు. సరేనని తలాడించాను. రెండోది పిల్ల నిలవని గొర్రె. మళ్ళీ తలాడించాను. వాడికి ధైర్యం వచ్చింది, చకచకా లాగాడు. అన్నీ నావే. ఒక్కటైనా సరైనది పట్టుకుంటాడేమో, అప్పుడు కాదనను అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. చుక్క మనవరాలు ఒకటి వచ్చి వాడి చేతిని నాకింది. వాడు చూడకుండానే దాన్ని పక్కకి నెట్టి, దాని వెనకున్న నా గొడ్డు గొర్రె చెవి పట్టుకున్నాడు.

పదకొండూ అయ్యాక ఇందిరమ్మ నన్ను ఏమైనా వాదన ఉందా అని అడిగింది. లేదన్నాను. వాటిని వాడి దొడ్డిలోకి తోలడానికి సాయం కూడా పట్టాను. వాడు నా చేయి పట్టుకుని, నువ్వు కాబట్టి గొడవ పెట్టుకోలేదు చిన్నాయనా అన్నాడు.

వారానికి ఊరికి తిరిగొచ్చాం. పొద్దు ఇంకా వాలలేదు. అన్నని మంచంతో సహా దొడ్డి వాకిట్లో కూర్చోబెట్టింది మా వదిన రంగమ్మ. మంద లోపలికి పోతుంటే ఒక్కొక్క దాని ముఖం చూస్తున్నాడు. చాలా రోజులకి ఆ ముఖంలో వెలుగు చూశాను. తర్వాత నా ముసలిది వచ్చింది. దాని వెనక గొడ్డుది. పదకొండూ అతని ముందు నుంచే పోయాయి.

అన్న ఎడమ చేయి లేచింది. వేలు దొడ్డి వైపు చూపించి, అక్కణ్ణుంచి నా వైపు తిరిగింది. గొంతులోంచి ఏదో శబ్దం, మళ్ళీ మళ్ళీ అదే శబ్దం. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. మా వదిన కంగారుపడి కొంగుతో తుడుస్తోంది. వంశీకి మాత్రం సంతోషం పట్టలేదు. తండ్రి మందని గుర్తుపట్టాడని గబగబా ఫోన్ తీసి ఫోటో తీశాడు. తర్వాత నన్ను అడిగాడు. అన్న మూగసైగలు ఇంట్లో నాకే బాగా తెలుస్తాయని అందరికీ నమ్మకం.

"ఏమంటున్నాడు చిన్నాయనా?"

అన్న వేలు ఇంకా నా మీదే ఉంది.

"ఒక్కటి కూడ పోకుండ తెచ్చినావంట. కొడుకంటే నువ్వేనంట," అన్నాను.

వంశీ కళ్ళు తుడుచుకున్నాడు. మా వదిన కూడా ఏడ్చింది. అన్న చేయి కింద పడిపోయింది, శబ్దం ఆగింది. నేను చెప్పిన మాటనే ఫోటో కింద రాసి వాడు అందరికీ పెట్టాడు. ఇంటికి చేరేలోపు నా ఫోన్‌లోనూ మోగింది. తొంభైమంది దండాలు పెట్టారు ఆ కన్నీళ్ళకి. నేనూ ఒకటి పెట్టాను.