ఉప్పు రాసిన గొర్రెపిల్ల

తాండూరు పక్కన మా ఊరి అంగన్‌వాడీలో టీచర్ పద్మారాణి కొత్త పద్ధతి పెట్టింది. పిల్లల తల్లిదండ్రులు వంతులవారీగా వచ్చి తమ ఇంటి పని గురించి, తమ ఇంటి మాటలోనే చెప్పాలి. ఆయాను నేను, సంతోషమ్మను. పొయ్యి మీద వంట ఉండగా ఈ గోలేమిటని నాకు ఒళ్లు మండేది. అయినా ఆ రోజు గొర్ల చెన్నయ్య వంతు అనేసరికి గరిటె పక్కన పెట్టి గుమ్మంలో నిలబడ్డాను.

అతని బిడ్డ అశ్వినికి నాలుగేళ్లు. తల్లి పోయి ఏడాదయింది. చెన్నయ్య మళ్లీ చేసుకున్న బీరమ్మ కూడా వచ్చి గోడవారగా కూర్చుంది. చెడ్డదేం కాదు. పిల్లకు తల దువ్వుతుంది, కడుపునిండా పెడుతుంది. ఒళ్లోకి మాత్రం తీసుకోదు. పిల్ల దగ్గరికి జరిగితే కొంగు సర్దుకుని తను అవతలికి జరుగుతుంది.

చెన్నయ్య గొంగడిలోంచి ఒక గొర్రెపిల్లను నాపరాళ్ల నేల మీదికి దింపాడు. పిల్లలంతా కేరింతలు కొట్టారు.

"దీని తల్లి సచ్చిపోయింది. ఇంకో గొర్రె దీన్ని దగ్గరికి రానియ్యది, కుమ్ముతది. గప్పుడు మేమేం జేస్తం? దీని ఒంటికి ఉప్పునీళ్లు రాస్తం. ఉప్పంటే గొర్రెకు పానం. నాకుతది. నాక్కుంట నాక్కుంట ఇది నా పిల్లనే అనుకుంటది. ఇగ పాలిస్తది."

"మల్ల ఇడిసిపెట్టదా?" అని అశ్విని అడిగింది.

"ఇడిసిపెట్టది బిడ్డా," అని నవ్వాడు, ఏమీ ఎరగని మనిషి.

కాసేపటికి వంటింట్లోకి వెళ్లి చూద్దును కదా, ఉప్పు డబ్బా బోర్లా పడి ఉంది. "ఎవర్రా నా డబ్బ ముట్టింది? చేతులిరగ్గొడ్త!" అని అరుస్తూ బయటికి వచ్చాను.

అశ్విని చెంపలకు, చేతులకు, నుదుటికి తడి ఉప్పు పట్టించుకుంది. మెల్లగా వెళ్లి బీరమ్మ ముందు కూర్చుంది. మెడ చాచి, చెంప ఆమె మూతి దగ్గర పెట్టింది.

"ఏందే గీ ఆగం? కండ్లల్ల పడ్తే?" అంటూ బీరమ్మ పిల్ల రెక్క పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయింది.

"కడగకు చిన్నమ్మా! పోతది, కడగకు!" పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

బీరమ్మ ఒక్క రవ్వ మిగలకుండా కడిగింది. కొంగుతో తుడిచి, పిల్లను చెన్నయ్యకు అప్పగించి, వెళ్లి తన చోట కూర్చుంది. ఆమెకు అర్థం కాలేదంటే నేను నమ్మను. చెన్నయ్య చెప్పిందంతా అక్కడే కూర్చుని విన్నది కదా!

చెన్నయ్య ఒక చేత్తో గొర్రెపిల్లను, ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాడు. ఎక్కిళ్ల మధ్య అశ్విని అతని గడ్డం పట్టుకుని అడిగింది.

"నాయినా, నేను తక్కువ రాస్కున్ననా?"

నాకు దుఃఖం ఆగక వంటింట్లోకి వచ్చేశాను. కింద పడిన ఆ ఉప్పును ఊడ్చడానికి నాకు చేతులు రాలేదు.