వరస తరవాత వరస

మళ్లీ అదే జరిగింది. అప్పలనరసింహం ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ నొక్కాడు. కంప్యూటరు నోరు విప్పలేదు. కాసేపటికి సంతలో పదిమంది ఒక్కసారే మీదపడ్డట్టు వరసలన్నీ కలగలిసి అరిచి, సగంలో ఆగిపోయాయి.

"జోరంట, జోరు" అని గొణిగాడు.

విజయనగరంలో ఒక సర్కారు ఆఫీసుకి ఆయన టెలిఫోన్ ఆపరేటరు. చూపులేనివాడికి ఫోను దగ్గర కుర్చీ వేసి సర్కారు చేతులు దులుపుకుంది. తరవాత అందరి జేబుల్లోకీ సెల్లులొచ్చాయి. బల్లమీది ఫోను మోగడం మానేసింది, కుర్చీ మాత్రం మిగిలింది. ఊరికే కూచుని జీతం తినడం ఒంటికి పడక, తెరమీది రాత చదివి వినిపించే గొంతు సాఫ్ట్‌వేరుతో కంప్యూటరు నేర్చుకున్నాడు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి ఉచితంగా పంచే టెక్స్ట్ ఎడిటరు ఒకటుంది. దాని లోపలే ఒక షెల్. ఆజ్ఞ ఇస్తే పనిచేసి, ఏం జరిగిందో లైను కింద లైనుగా, వరసల్లో చెబుతుంది. దాన్ని మార్చడానికి ఎవరైనా ప్యాచ్, అంటే కొత్త కోడు ముక్క, పంపితే పరీక్షించి ఔననో కాదనో తేల్చే నలుగురిలో ఆయనొకడు. ఆఫీసులో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఈసారి ప్యాచ్ పంపింది ఎచ్చెర్లలో చదువుకునే సంహిత. ఆ ప్యాచ్ జవాబుని వరసవరసగా చూపించకుండా పోగేసి ఒక్కసారి కుమ్మరిస్తుంది. దాంతో షెల్ పరుగందుకుంది. మిగతా ముగ్గురూ ఔనన్నారు. ఈయనా ఔనంటే సాయంత్రానికి కలిపేస్తారు. కలిపితే ఇక ఆ షెల్ ఆయన పాలిటికి మూగది.

నాన్న గుడిలో సన్నాయి వాయించేవాడు. ఒక సంగతి నోటికొస్తేగాని రెండోది నేర్పేవాడు కాదు. కొడుక్కి సన్నాయి అబ్బలేదు గాని ఆ వినికిడి అబ్బింది. తప్పు వరస చెవిన పడగానే ఆజ్ఞని అక్కడికక్కడే ఆపేస్తాడు. పోగేసి చెప్పడమంటే ఇల్లు కాలాక కబురంపడమే.

అటెండరు అసిరయ్య టీగ్లాసు పెట్టి, "ఏటి బాబూ, పలకని దాన్ని తిడతన్నారు?" అన్నాడు.

"ఉండు, పలికేవోళ్లనే తిడతాను" అని నరసింహం ఫోనందుకుని సంహితకి చేశాడు.

"నీ ప్యాచ్ వరసలు మింగేస్తన్నాది తల్లీ."

"లేదు సార్" అంది సంహిత. "నా దగ్గర అన్నీ వస్తన్నాయి. అంత ముద్ద ఒక్కసారి పెడితే మీ గొంతు సాఫ్ట్‌వేరే మింగలేకపోతన్నాది. సూసుకోండి."

చూసుకున్నాడు. పిల్ల చెప్పిందే నిజం.

"మరే, నా మాట తప్పే. తప్పెవలిదైతే ఏటి, సెవిటోడినైంది నేనే గదా."

"మీ ఒక్కరి కోసం అందరూ నత్తనడక నడవాలేటి సార్?"

"నడవొద్దు, పరిగెట్టండి. నన్ను గట్టున ఒగ్గీసి పరిగెట్టకండి."

 అవతల కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఫోను పెట్టలేదు, ఈయనా పెట్టలేదు. టీ చల్లారిపోయింది.

"సార్, గొంతు సాఫ్ట్‌వేరు నడుస్తంటే ఒక్కో వరసా, లేదంటే పోగు. అలాగ రాసీనా?"

"ఇంతసేపూ ఏటి సేసినావు మరి?"

"మీతోటి తగువాడినాను."

నరసింహం నవ్వాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక కొత్త ప్యాచ్ వచ్చింది. నడిపి చూశాడు. వరస తరవాత వరస, జోరుగానే, దేనికదే విడిగా వచ్చింది. కావాలనే ఒక తప్పు పెట్టాడు. అది వినబడ్డచోట ఆపితే ఆగింది. "సరిపోయింది, కలపండి" అని రాసి పంపాడు. ఆపైన పరీక్షించాల్సింది ఏమీ లేదు. అయినా డిస్కులో ఉన్న ఫైళ్లన్నిటి పేర్లూ చదవమని ఒక ఆజ్ఞ ఇచ్చి, కుర్చీలో వెనక్కి వాలి హెడ్‌ఫోనులో వింటూ కూచున్నాడు.

సాయంత్రం తలుపులు మూయడానికొచ్చిన అసిరయ్య పిలిచాడు, మళ్లీ పిలిచాడు, భుజం పట్టుకున్నాడు. భుజం చల్లబడింది. గుండె ఆగిందన్నారు. భార్య జగదీశ్వరి వచ్చింది. ఆఫీసువాళ్లు పట్టి ఆయన్ని ఆటోలోకి ఎక్కించారు. "పాపం, పనీపాటా లేకుండా కూచునీవోడు" అన్నాడు పెద్దాఫీసరు. సంహిత ప్యాచ్ అప్పటికే కలిసిపోయిందని అక్కడ ఎవరికీ తెలియదు.

బల్లమీద హెడ్‌ఫోను ఉండిపోయింది. ఎప్పుడో చెవి దగ్గర స్పాంజి ఊడితే జగదీశ్వరి పాత చీరముక్క కుట్టింది. ఆ గుడ్డలోంచి సన్నటి గొంతు ఒక పేరు చదివి, ఇంకో పేరు చదువుతోంది.