మూడడుగుల మెట్లు

జొన్నపిండిలో వేడినీళ్లు పోసి పిసుకుతూ మహేశ్వరి మెట్ల కొలతలు వల్లె వేసుకుంటోంది. ఇంటికైతే మూడడుగుల వెడల్పు చాలు. లాడ్జీకి ఐదడుగులు, వెనకవైపు ఇంకో మెట్లదారి తప్పనిసరి. ఒక రొట్టె తట్టి పెనం మీద వేసేలోపు ఒక నియమం నోటికి రావాలి. ఆదివారం ఆర్కిటెక్టు లైసెన్సు పరీక్ష, ఇవాళ గురువారం. పుస్తకం ముందేసుకుని కూర్చునే యోగం ఈ ఇంట్లో ఆమెకెక్కడిది?

"పొయ్యి కాడ ఏం మంత్రం చదువుతున్నవే? రొట్టె మాడుతున్నది జూడు," అంది అత్త గిరిజమ్మ. పదో తరగతి చదివే మనవరాలు స్నేహను చూపిస్తూ, "పరీక్షలు నీ బిడ్డకా, నీకా? ఎవ్వరన్న వింటె నవ్వుతరు," అంది.

నవ్వనీ. కలబురగిలో ఐదేళ్లు ఆర్కిటెక్చర్ చదివింది. పెళ్లై జహీరాబాద్ వచ్చి పదిహేడేళ్లు. భర్త మల్లికార్జున్‌ది డిప్లొమా, హైవే పక్కన ప్లాన్ల ఆఫీసు. బోర్డు మీద పేరు అతనిది, లోపల గీతలన్నీ ఈమెవి. టిఫిన్లు, క్యారేజీలు, అంట్లు అన్నీ ముగించుకుని పదకొండింటికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చునేది. ఎవరైనా రాగానే అతను, "మా ఇంటామె. ఊకె ఇంట్ల కూసుంటె పొద్దుపోదని వస్తది," అనేవాడు. వెంటనే "మహేశ్వరీ, జర మూడు చాయ్ పెట్టు" అని కూడా. తను గీసిన ఇంటిని చూసొచ్చి వాళ్లు అతణ్ని మెచ్చుకుంటుంటే, చాయ్‌లోకి అల్లం దంచుతూ వినేది. మొదట్లో ఒళ్లు మండిపోయేది. రానురానూ మండిపడే ఓపిక కూడా లేకుండా పోయింది.

ఈ పరీక్ష రాసే అవకాశం ఇప్పటికే రెండుసార్లు తప్పిపోయింది. ఒకసారి అత్త కంటి ఆపరేషన్, ఇంకోసారి ఆడబిడ్డ కాన్పు. "దవాఖానల మనిషిని ఇడిసిపెట్టి పరీక్షకు పోతవా?" అన్నది ఈ మొగుడే. అలాంటివాడు ఈసారి తనే ఫారం నింపి, "నువ్వు రాయి. ఇంటి ఫికర్ జెయ్యకు, అమ్మ చూస్తది," అన్నాడు. పిచ్చిది, ఆ ఒక్క మాటకే మురిసిపోయింది.

రొట్టెలు సగం అయ్యాయో లేదో, అతను హుషారుగా వంటింట్లోకి వచ్చాడు. చేతిలో చిన్న డబ్బా.

"తెరువు, నీకే తెచ్చిన."

రబ్బరు ముద్ర. 'మహేశ్వరి, ఆర్కిటెక్ట్' అని ఉంది. కింద ఆఫీసు పేరు, దాని కింద అతని ఫోన్ నంబరు. అయినా ఆమె కళ్లు చెమర్చాయి. పెళ్లికార్డు తర్వాత తన పేరు అచ్చులో చూసుకోవడం ఇదే.

"ఇగ సంతకం కోసం పట్నం ఆర్కిటెక్టు కాళ్లు పట్టుకునుడు బంద్. నువ్వు పాస్ గాంగనే ముందుగాల దీనిమీద కొడుదం," అంటూ అతను చంకలోని ఫైలు విప్పి పరిచాడు.

హైవే మీద కట్టబోయే మూడంతస్తుల లాడ్జీ. పోయిన నెల తనే గీసింది. కానీ ఇది తను గీసింది కాదు. వెనక మెట్లు మాయమై అక్కడ రెండు షాపులు లేచాయి. ముందు మెట్లు చిక్కి మూడడుగులయ్యాయి. ఆర్కిటెక్టు సంతకం చేసే గడి కింద తన పేరు అప్పుడే టైపు చేసేసి ఉంది.

"ఇవి నేను గీసిన మెట్లు గావు."

"ఓనర్ షాపులు కావాలన్నడు, నేనే మార్చిన."

"మీద అన్ని రూములున్నయి. నిప్పంటుకుంటె అందరు ఈ మూడడుగుల కెల్లే దిగాల్నా?"

"అబ్బా, ఏం గాదు. నువ్వు సంతకం పెడితె సాలు, తతిమ్మది నేను చూస్కుంట."

ఓహో, ఇదా సంగతి! ఫారం నింపడం, తియ్యటి మాటలు, అన్నీ ఈ గడి కోసమా! అతనికి కావలసింది సంతకం. ఆ సంతకం వెనక ఒక మనిషి ఉందని, ఆ మనిషికి ఒక చదువుందని అతనికి తట్టనే లేదు. కోపం రావలసిన చోట ఆమెకు చెప్పలేనంత అలసట వచ్చింది.

"దీనిమీద నేను సంతకం పెట్ట."

అతని ముఖం నల్లబడింది. "అట్లనా? మరి నీకు పరీక్షెందుకు? ఆదివారం మొగుడంపల్లిల మా అక్కోల్ల గృహప్రవేశం ఉన్నది. అక్కడికి పోయి వంట జూడు. చెప్పినకాడ సంతకం పెట్టనిదానికి లైసెన్సెందుకు?"

లైసెన్సెందుకని అత్త అడిగింది, ఆడబిడ్డ అడిగింది, ఒకరోజు స్నేహ కూడా అడిగింది. ఎవరికీ సరైన జవాబు చెప్పలేకపోయింది. అసలు తనకే తెలిస్తే కదా! మహేశ్వరి పొయ్యి ఆర్పింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆదివారం పొద్దుగాల బస్సుకు పరీక్షకే పోత. మీరు చెప్పినకాడల్ల సంతకం పెట్టనీకైతే నాకు లైసెన్సు అక్కర్లే. పెట్టనని చెప్పనీకే రాస్తున్న."