గోడ మీది మహానది

దాలమ్మ పొద్దున్నే లేచి చేసే మొదటి పని నది దగ్గరికి వెళ్ళి బిందె నింపుకోవడం. అందుకామె చెప్పులు వేసుకోనక్కర్లేదు, గడప దాటనక్కర్లేదు. నది ముందుగదిలో, ఉత్తరపు గోడ మీద ఉంది.

అది మహానది. ఆ నది గట్టునున్న జిల్లాలన్నీ కలిపి వేరే రాష్ట్రం ఇవ్వాలని అడిగే పార్టీ ఒకటి రాయపూర్‌లో ఉంది. పేరు మహానది రాజ్య పార్టీ. దాని ఆఫీసు గుఢియారీ పేటలో దాలమ్మ మొగుడు దానయ్య ఇంటి ముందుగదే. పార్టీ పెట్టిన కొత్తలో దానయ్య ఆ గోడకి సున్నం కొట్టి, రాబోయే రాష్ట్రానికి పటం గీశాడు. రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో రిటైరయ్యేదాకా పెట్టెల మీద నంబర్లు రాసిన చెయ్యి అది, వంకర పోదు. నది పుట్టే సిహావా కొండల దగ్గర కుంచె ఆనించి, నీలంరంగు నదిని సరిహద్దు దాకా లాక్కొచ్చి, అవతలిది ఒడిశా కాబట్టి అక్కడ ఆపేశాడు. మర్నాడు చూస్తే రంగు ఆరకపోగా పారుతోంది. సరిహద్దు దగ్గర ధార కట్టి కిందికి కారుతుంటే దాలమ్మ ఓ ప్లాస్టిక్ టబ్బు తెచ్చి పెట్టింది. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ మాట్లాడుకోలేదు.

వానాకాలంలో నది పొంగేది. మీటింగుకి వచ్చినవాళ్ళు పంచెలు ఎగ్గట్టి కూచునేవారు. ఒక ఏడాది చేపలు కూడా దిగాయి. దాలమ్మ పులుసు పెడితే తిన్నవాళ్ళు ముళ్ళెక్కువని వంక పెట్టారు. నల్లా రానిరోజు వీధి వీధంతా బకెట్లతో పార్టీ ఆఫీసుకే వచ్చేది. నీళ్ళు ఇక్కడ పట్టుకునేవారు, ఓట్లు మాత్రం పెద్ద పార్టీలకి వేసేవారు. ఇన్నేళ్ళలో ఏ ఎన్నికలోనూ ఆ పార్టీకి డిపాజిట్ దక్కలేదు పాపం.

ఎండాకాలం నది ఎండిపోయి గోడ మీద ఇసుక మిగిలేది. దాలమ్మ గరిటె కాడతో ఆ ఇసుకలో చెలమ తవ్వేది. చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు వంశధారలో తవ్వినట్టే. కాస్త ఓపికపడితే గిన్నెడు నీళ్ళు ఊరేవి.

పార్టీ పెట్టినాయన పరదేశి సాహు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, దిష్టి తగలకుండా, వీడు మావాడు కాదు ఎవడో పరదేశీ అని పిలుచుకున్న పేరు. మనవైపు పెంటయ్యలున్నట్టే అక్కడ పరదేశిలు. రెండువేల సంవత్సరంలో ఛత్తీస్‌గఢ్ వచ్చి, రాయపూర్ రాజధాని అయ్యి, ఊరంతా లడ్డూలు పంచుకుంటుంటే ఈయన ఒక్కడే మొహం ముడుచుకున్నాడు. కుర్చీలెక్కినవాళ్ళలో నదిగట్టు రైతు ఒక్కడూ లేడని ఆయన బాధ. వచ్చిన రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రం తెస్తానని బయల్దేరాడు. వెంట నడిచిన మొదటి మనిషి దానయ్య. సభలకి దరీలు పరిచాడు, మైకు కట్టాడు, ఊరి ఈ చివర టాటీబంధ్ చౌక్ నుంచి ఆ చివర మందిర్ హసౌద్ దాకా కనపడిన ప్రతి గోడ మీదా నినాదాలు రాశాడు.

రెండువేల పదహారు మే నెలలో పరదేశి పదవి దిగిపోతానన్నాడు. "వానలు పడేలోగా ఊరెళ్ళి వరి చల్లుకోవాలి. ఇక మీరు చూసుకోండి."

అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు దానయ్య. రెండోవాడు వీరేంద్ర, ఎదురింటి కుర్రాడు, కలెక్టరు కచేరీ దగ్గర జిరాక్సు షాపు. తల్లి కూలికి వెళ్తే దాలమ్మ దగ్గరే పెరిగాడు. చారన్నం తిని తిని వచ్చీరాని తెలుగు నేర్చుకున్నాడు. పిన్నీ బాబాయ్ అన్నట్టు ఆమెని కాకీ అనీ దానయ్యని కకా అనీ పిలుస్తాడు. పార్టీలోకి తీసుకొచ్చిందీ దానయ్యే. ఇదేం పోటీ అని నవ్వినవాళ్ళున్నారు. నిజమే, ఒకే విస్తట్లో తినే ఇద్దరి మధ్య పోటీ అది.

వీరేంద్ర వెనకాల తరుణ్ అనే వకీలున్నాడు. ఎన్నిక జరిగే మహాసభ తేదీ రాయడానికి దానయ్య టాటీబంధ్ వెళ్ళి, గోడ ముందు రంగు కలుపుకుంటుంటే, తరుణ్ మోటారుసైకిల్ ఆపి నమస్కారం పెట్టాడు.

"ఆంధ్రా బాబూజీ, తప్పుగా అనుకోకండి. మీరంటే మాకు గౌరవం. కానీ అధ్యక్షుడంటే ఈ మట్టి మనిషి ఉండాలి కదా."

"నేను ఇక్కడి రైల్వే ఆస్పత్రిలోనే పుట్టాను బాబూ" అన్నాడు దానయ్య.

"అది సరే. మరి ఇది?" అంటూ తరుణ్ పక్కగోడ చూపించాడు.

నిలువెత్తు హిందీ అక్షరాలు. బాహరీ బాహర్ జాఓ. బయటివాళ్ళు బయటికి పొండి. ఏటా సున్నం కొట్టి, ఏటా మళ్ళీ తన చేత్తో దిద్దిన నినాదం. బయటివాళ్ళంటే మిల్లు సేట్లు, కాంట్రాక్టర్లు, దిల్లీ నుంచి దిగేవాళ్ళు అనుకున్నాడు దానయ్య. ఆ మాటలో తను కూడా ఉండొచ్చని ఇన్నేళ్ళలో ఒక్కసారీ మనసుకెక్కలేదు. అక్షరాల పొందిక చూసుకుని మురిసిపోయాడే తప్ప వాటి ముందు నిలబడి తన కోసం చదువుకోలేదు. తేదీ రాయకుండానే డబ్బా మూత పెట్టి ఆటో ఎక్కాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే దాలమ్మ పప్పు ఎనుపుతూ విన్నది.

"నాను మొదట్లోనే సెప్పినాను. మావా, అది మనకే తగుల్తాది, రాయకు అని. ఇన్నావేటి? పార్టీ, పార్టీ అన్నావు."

"ఓలే, నాకేటి తెలుసు ఇలగవుతాదని? పోనీ మనూరు ఎల్లిపోదామా?"

"ఏ ఊరు? పలాస పెళ్ళికెల్తే ఏటయినాది? రాయపూరోళ్ళొచ్చినారని మనతోటి హిందీలో మాటాడినారు, ఎకసెక్కానికి. అక్కడ రాయపూరోళ్ళం, ఇక్కడ ఆంధ్రావోళ్ళం. రైలు పెట్లో కాపరం పెట్టమంటావేటి?"

దానయ్యకి నవ్వు రాలేదు. ఆమెకీ రాలేదు. పప్పు ఎనపడం మాత్రం చాలాసేపు సాగింది.

మధ్యాహ్నం వీరేంద్ర వచ్చాడు. "కాకీ, చారు ఉందా?" అంటూ ఎప్పటిలాగే వంటింట్లో పీట వాల్చుకున్నాడు. రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేశాడు.

"కకా, తరుణ్ ఏమన్నాడో తెలిసింది. నేను తప్పుకుంటా."

"నువ్వు తప్పుకుంటే వాడే నిలబడతాడు" అన్నాడు దానయ్య. "అదీగాక నువ్వు జాలిపడి వదిలేసిన కుర్చీ నాకెందుకురా? ఓడిపోతే ఓడిపోతాను. నీ చేతిలో ఓడిపోతే మరీ మంచిది. బయటోడని మాత్రం నన్ను ఓడించకూడదు. నా బాధంతా అదే."

వీరేంద్ర తల వంచుకుని తక్కిన అన్నం తిన్నాడు. దాలమ్మ అడక్కుండానే ఇంకో గరిటె చారు పోసింది.

మహాసభ నౌతపాలో పడింది. మనవైపు రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయంటారే, ఆ ఎండల్నే అక్కడ నౌతపా అంటారు. నది చివరి జిల్లాల నుంచి కూడా సభ్యులొచ్చారు. ముందుగది నిండిపోయి, కొందరు అరుగు మీదా కొందరు కిటికీ అవతలా నిలబడ్డారు. కూలరు వేడిగాలి తిప్పుతోంది.

ఆ పార్టీకి ఒక రివాజుంది. పదవి కోరేవాళ్ళు ఎవరైనా గోడ మీది నదిలోంచి దోసిట్లోకి నీళ్ళు పట్టి ప్రమాణం చెయ్యాలి. ఆ తర్వాతే చేతులెత్తడం. చేతిలో నీళ్ళు లేకపోతే పేరు లేనట్టే లెక్క. ఇంతకుముందు ఎన్నికలన్నీ వానల్లో జరిగాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఈసారి నౌతపా మొదలైన దగ్గర్నుంచి దాలమ్మ చెలమలో కూడా చుక్క పడలేదు. ఇంటివాళ్ళు టాంకరు నీళ్ళే తాగుతున్నారు. రివాజు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఎన్నిక ధ్యాసలో పడ్డ మగవాళ్ళకి నీళ్ళెక్కడ గుర్తుంటాయి?

వీరేంద్ర ముందు లేచాడు. గోడ మీద చెయ్యి ఆనిస్తే ఎండు ఇసుక జలజలా రాలింది. వేళ్ళతో తవ్వి చూశాడు. గోరు నొప్పెట్టడం తప్ప లాభం లేకపోయింది. తర్వాత దానయ్య లేచాడు. కిటికీ దగ్గర ఎవరో "ఆంధ్రా బాబూజీ" అని గొణిగారు. అది అతని చెవిన పడింది. రెండు చేతులూ గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నువ్వయినా ఒక్కమాట చెప్పవే తల్లీ అని లోపల్లోపల బతిమాలుకున్నాడు. ఇసుకే రాలింది. అరచేతులు దులుపుకుని వచ్చి కూచున్నాడు. 

"అయితే వానలు పడ్డాక పెట్టుకుందాం" అన్నాడు తరుణ్.

"వానలు పడితే నేను పొలంలో ఉంటాను. ఈరోజే తేలాలి" అన్నాడు పరదేశి.

ఎలా తేలాలో ఎవరికీ తెలీలేదు. అందరూ విసనకర్రలు ఊపుకుంటూ కూచున్నారు.

అప్పుడు వంటింట్లోంచి దాలమ్మ వచ్చింది, ఒక చేతిలో టీ గిన్నె, ఒక చేతిలో గరిటె. టాంకరు రాలేదు. ఇంతమంది ఇంటికొచ్చి గొంతు తడవకుండా వెళ్ళడం ఆమెకి నచ్చదు. "జరగండి, జరగండి" అంటూ కూచున్నవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని గోడ దగ్గరికెళ్ళింది. రోజూ తవ్వే చోటే, గరిటె కాడతో, తొందర పడకుండా తవ్వడం మొదలెట్టింది.

ఇసుక రంగు మారింది. ముందు చెమ్మ, తర్వాత బురద, ఆ తర్వాత తేటనీళ్ళు. ఆమె గిన్నె పట్టేలోపే చెలమ నిండి పొర్లింది. గిన్నె కింద పెట్టి రెండు చేతులూ పట్టింది. దోసిలి నిండి మోచేతుల మీదుగా కారింది. సిహావా కొండల నుంచి సరిహద్దు దాకా నది మొత్తం నీలంగా తేలి, మే నెల ఎండలో, ఆషాఢమాసంలోలా పారసాగింది. టబ్బు నిండి నేల మీదికొచ్చింది. మగవాళ్ళు దరీ మీంచి లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, పంచెలు ఎగ్గట్టారు.

పరదేశి మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. పాదాలు నీళ్ళలో ఉంచుకునే అన్నాడు. "బహురియా, ఆ నీళ్ళు పారబొయ్యకు. ప్రమాణం చెయ్యి."

బహురియా అంటే కోడలు. ఆయన దాలమ్మని మొదటినుంచీ అలాగే పిలిచేవాడు.

"అయ్యో కకా, ఇవి టీకి" అంది దాలమ్మ.

"చేతిలో నీళ్ళున్నది నీ ఒక్కదానికే. మన రివాజు అదే."

"ఆవిడ పుట్టింది ఆంధ్రాలో!" అన్నాడు తరుణ్.  దానయ్య తలెత్తలేదు.

పరదేశి తరుణ్‌ని దగ్గరికి పిలిచాడు. "బేటా, మీ అమ్మ ఎక్కడి పిల్ల?"

"బాలాఘాట్."

"అది మన రాష్ట్రం కాదుగా. మరి ఆవిణ్ణి బాలాఘాట్ పంపించేశావా?"

కిటికీ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. పరదేశి నవ్వలేదు.

"కోడలిది అత్తవారి ఊరు. మా ఇళ్ళలోనూ అదే రివాజు, వీళ్ళ ఇళ్ళలోనూ అదే. నది ఈమెని తనదంది, అందరం చూశాం. అంటే ఈమె అత్తవారిల్లు ఇక్కడుంది. అత్తవారిల్లు ఇక్కడుంటే ఈమె మొగుడు ఎక్కడివాడు? నువ్వు వకీలువి కదా, చెప్పు."

తరుణ్ దాలమ్మ దోసిలి వంక చూశాడు. "ఇక్కడివాడే" అన్నాడు చివరికి. ఒప్పుకోక తప్పక అన్నా, గట్టిగానే అన్నాడు.

దాలమ్మ చేతులు నొప్పెడుతున్నాయి. అయినా దోసిలి దించలేదు. ఆమె ఛత్తీస్‌గఢీ, హిందీ, శ్రీకాకుళం అన్నీ కలిసిన మాటల్లో ప్రమాణం చేసింది. "ఈ నది సాక్షి. ఇక్కడి నీళ్ళు తాగినోళ్ళెవుల్నీ నాను పొమ్మనను. ఆ గోడల మీన రాసిందంతా సున్నం కొట్టించాల. అలగైతేనే ఈ కుర్చీలో కూసుంటాను. లేదంటే ఈ నీలు టీలో పోసెత్తాను."

మొదటి చెయ్యి వీరేంద్రది. తర్వాత వరసగా లేచాయి. కిటికీ అవతలివాళ్ళు చువ్వల్లోంచి చేతులు లోపలికి చాపారు. తరుణ్ కూడా ఎత్తాడు, కాస్త ఆలస్యంగా. పరదేశి కుర్చీలోంచి లేచి, తడికాళ్ళతో పక్కకి జరిగి, దాలమ్మని కూచోబెట్టాడు. ఆమె గరిటె ఒళ్ళో పెట్టుకుని బెరుగ్గా అంచు మీదే కూచుంది.

దానయ్య చెయ్యెత్తడం కూడా మరిచిపోయాడు. ఇక్కడివాడే. ఆ మాట ఒక్కటే అతని చెవుల్లో తిరుగుతోంది. పుట్టిన అరవయ్యారేళ్ళకి, నలుగురిలో, ఒకళ్ళు తన గురించి అన్నమాట. అతను తడిసిన దరీ మీద చతికిలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. వీరేంద్ర పక్కన కూచుని భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

కొత్త అధ్యక్షురాలు కుర్చీలోంచి ముందుకు వంగి మొగుణ్ణి చూసింది. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"సాల్లే మావా" అంది మెల్లగా. "గదంతా ఇప్పటికే నీలయిపోనాది. మళ్ళీ నువ్వొకడివేటి?"