గోడ మీద తడి

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. ఫిన్లాండ్‌లో సరస్సు ఒడ్డున ఒక ఊరుంది. జనం ఫోన్లలో పెట్టుకునే ఫొటోలూ వీడియోలూ అన్నీ ఆ ఊరి చివర గోదాములోని కంప్యూటర్లలో ఉండేవి. వాటి వేడినే గొట్టాల్లో ఇళ్లకి పంపేవారు.

ఆ ఊళ్లో ఐలి అనే ఆవిడ ఉండే భవనంలో ప్రతి శనివారం సాయంత్రం ఆడవాళ్లంతా కింది ఆవిరి గదిలో చేరేవారు. ఆ గొట్టాల వేడికే కాగిన రాళ్ల మీద నీళ్లు పోయగానే, అక్కడున్నవాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడో ఫోనులో దాచుకున్నది ఆవిరిలో కనిపించేది. మిగతావాళ్లు గోడ వైపు తిరిగేవారు. అది అక్కడి మర్యాద.

ఒక శనివారం ఆవిరిలో మొదట హెల్వి కనిపించింది, తన కుక్కకి జోల పాడుతూ. హెల్వి బస్సు డిపోలో డ్రైవర్లని ఎంపిక చేసే అధికారి.

"ఎవరైనా విన్నారా?" అంది హెల్వి.

"మేం గోడనే చూస్తున్నాం. గోడకి గొంతు బాగుంది," అంది ఐలి.

ఐలి కూతురు సైమి పకపకా నవ్వింది. బస్సు నడపాలని చిన్నప్పటినుంచీ దాని కోరిక. పరీక్ష నెగ్గింది. సోమవారం హెల్వి సంతకం పెడితే ఉద్యోగం వచ్చినట్టే.

ఈసారి సైమి నీళ్లు పోసింది. ఆవిరిలో ఐదేళ్ల సైమి మూర్ఛ వచ్చి నేల మీద కొట్టుకుంటోంది.

ఐలి దాన్ని గుర్తుపట్టింది. తోటి తల్లుల సలహా కోసం అప్పట్లో తనే పెట్టిన వీడియో. జబ్బు తగ్గగానే తీసేసింది. పూర్తిగా చెరిపేశామని గోదాము కంపెనీవాళ్లు కూడా చెప్పారు.

"అమ్మా, ఇది ఇంకా ఉందా?" అంది సైమి మెల్లగా.

బయటికి వచ్చాక హెల్వి మెట్ల దగ్గర ఆగింది. "నేను గోడ వైపే తిరిగాను ఐలీ."

"తెలుసు. దానికి ఎప్పుడో తగ్గిపోయింది హెల్వీ. డాక్టరు కూడా చెప్పాడు."

"చెప్పే ఉంటాడు. కానీ గోడంతా తడి, అద్దంలా మెరుస్తోంది. అక్కడా కనిపించింది. బస్సు నిండా జనం ఉంటారు, చూడనట్టు సంతకం పెట్టలేను."

ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఐలి కంపెనీకి ఫోను చేసింది. అలాంటి వీడియో తమ దగ్గర లేదన్నారు. లోపలికొచ్చి చూస్తానంటే, అక్కడున్నది తమ సొత్తు, బయటివాళ్లకి చూపించేది లేదన్నారు.

చలికాలానికి సైమికి ఆ గోదాము గేటు దగ్గరే కాపలా పని దొరికింది.

"ఆరోగ్యం గురించి ఏమడిగారే?" అంది ఐలి.

"ఏమీ అడగలేదమ్మా," అంది సైమి, బూట్ల మీది మంచు దులుపుకుంటూ. "లోపలికి మాత్రం వెళ్లకూడదట."

పిల్లలూ, ఈ కథ మీ తర్వాతివాళ్లకీ చెప్పండి. నోటితోనే చెప్పండి, ఎక్కడా పెట్టకండి. ఆ పిల్ల పేరు మార్చి చెప్పండి. నేనూ మార్చే చెప్పాను.