పట్టుకున్న చేతులు

"నీ పిల్లని నువ్వే పట్టుకో," అంది మేస్త్రీ.

ఆమె ఆఖరి సంవత్సరం విద్యార్థిని. తాను పూచికపుల్ల కదపకుండా అందరి చేతా పని చేయిస్తుంది కనుక హాస్టల్లో ఆ పేరు పడింది. బట్టలుతికే గదిలో ఆమె ఎదుట నిలబడ్డది మొదటి సంవత్సరం పిల్ల. పిడికెడంత ఉంటుందని పిచ్చుక అనేవాళ్ళు. మేస్త్రీకి డ్రాయింగు షీటు గీసిపెట్టనంది పిచ్చుక. తన షీటే ఇంకా పూర్తి కాలేదంది. చేసిన నేరం అంతే.

కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ యూనివర్సిటీ ఒక సీనియర్ని తోడుగా పెడుతుంది. అలా రెండో సంవత్సరం చదివే వెల్డరు కూతురు పిచ్చుకకు తోడక్క అయింది. హాస్టలు పద్ధతి వేరు. పిల్లకు దెబ్బలు పడేటప్పుడు కదలకుండా పట్టుకోవలసింది తోడక్కే. నిరుడు వెల్డరు కూతుర్నీ అలాగే పట్టుకున్నారు.

"తప్పయిందని చెప్పెయ్యవే, వదిలేస్తుంది," అని తోడక్క పిచ్చుక చెవిలో గొణిగింది.

"ఏం తప్పు చేశానక్కా?"

తోడక్క పిల్ల చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకుంది.

మొదటి దెబ్బకు పిచ్చుక తల గోడకు కొట్టుకుంది. రెండోది చెవి మీద పడింది. ఆ పైన మేస్త్రీ లెక్క చూసుకోలేదు. పిల్ల కాళ్ళు పట్టు తప్పి, బరువంతా తోడక్క చేతుల మీదికి వచ్చింది. చెవిలోంచి సన్నగా నెత్తురు కారింది. అప్పటికీ ఆమె వదల్లేదు. పిల్ల పడిపోతుందని పట్టుకుందో, వదిలితే తనకు పడతాయని పట్టుకుందో ఆమెకే తెలియదు.

"బాత్రూములో జారిపడింది. అందరిదీ ఇదే మాట," అంది వార్డెను ఆస్పత్రి వరండాలో వెల్డరు కూతురితో. "నీకూ చదువు కావాలిగా."

పిచ్చుక తల్లి బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలో దిగి, టికెట్ల సంచీ భుజాన ఉండగానే పరుగెత్తుకొచ్చింది. కర్ణభేరి చిరిగిందని, ఆ చెవి మునుపటిలా వినిపిస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆమె తర్వాత వెల్డరు కూతురి దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వున్నావన్న ధైర్యంతోనే దాన్ని ఇక్కడ వదిలి వెళ్ళానమ్మా. నువ్వే మోసుకొచ్చావంట. కడుపు చల్లగా ఉండాలి తల్లీ."

వెల్డరు కూతురు చేతులు విడిపించుకుంది.

"జారిపడలేదండీ. సీనియరు కొట్టింది. నేను పట్టుకున్నాను."

"ఎవర్ని?"

"మీ అమ్మాయిని. కదలకుండా."

"భయపడిపోయి ఏదేదో వాగుతోందండీ," అంటూ వార్డెను అడ్డం వచ్చింది. తల్లి ఆమెను పక్కకు తోసి, వెల్డరు కూతురి చెంప పగలగొట్టింది. జుట్టు పట్టి గోడకేసి గుద్దింది. సంచీ తెగి చిల్లర వరండా అంతా దొర్లింది. వెల్డరు కూతురు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చివరికి ఓపిక అయిపోయి తల్లే ఆగింది.

"ఈ మాట లోపల డాక్టరుకు చెప్తావా?" అంది తల్లి.

"చెప్తాను."

"హాస్టలు గది ఇవాళే ఖాళీ చెయ్యాలి మరి. పరీక్ష ఎలా రాస్తావో చూస్తా," అంది వార్డెను.

"మీరు చెప్పమన్నది మాత్రం నేను చెప్పనండీ."

ఆస్పత్రి గదిలోకి వస్తున్న తోడక్కను చూడగానే పిచ్చుక చేతులు రెండూ దుప్పట్లోకి లాక్కుని గోడవైపు తిరిగింది. వెల్డరు కూతురు మంచం దగ్గరికి పోకుండా డాక్టరు ముందు నిలబడింది. పెదవి చిట్లి మాట ముద్దగా వచ్చింది. డాక్టరుకు అర్థం కాలేదు. నెత్తురు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పసాగింది.